పంపకంలో లెక్కకు రాని వస్తువులు

1947 జూన్ 3న దేశ విభజన ప్రణాళిక ప్రకటించారు. అప్పటినుంచి ఆగస్టు 15 వరకు 73 రోజులు. ఆ 73 రోజుల్లో ఒక సామ్రాజ్యపు ఆస్తినంతా రెండు ప్రభుత్వాలకు పంచాలి. రైలింజన్ల దగ్గర్నుంచి సిరాబుడ్ల దాకా అన్నీ పంచాల్సినవే. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు బిందెలూ చెంబులూ మధ్యలో పెట్టుకుని పంచుకోవడం మన ఊళ్ళలో చూసిందే. ఇక్కడా జరిగింది అదే. ఊరి పెద్దమనుషుల బదులు కమిటీలు కూర్చున్నాయి, అంతే తేడా.

ఆ పంపకం కాగితాలు ప్రభుత్వాల దగ్గర ఉన్నాయి. అదే కాలంలో కోటి మందికి పైగా జనం చేతికి అందింది పట్టుకుని అటునుంచి ఇటు, ఇటునుంచి అటు సరిహద్దు దాటారు. ఆ చేతికందిన వస్తువులు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. ఈ వ్యాసం వాటి గురించి.

హేతువాదులకు వాటితో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. వస్తువుల్లో మహిమ ఉండదని పదిమందికీ చెప్పే మనం కూడా తాతగారి చేతికర్రనో అమ్మమ్మ వక్కల పెట్టెనో పారేయడానికి వెనకాడతాం. అది మనలో మిగిలిపోయిన మూఢనమ్మకమా? కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో చెప్పడానికి విభజన చరిత్ర బాగా పనికొస్తుంది.

సర్కారు పంపకం

ఆస్తుల పంపకాన్ని పైనుంచి నడిపింది విభజన మండలి. దాని కింద అసలు పని చేసిన స్టీరింగ్ కమిటీలో ఉన్నది ఇద్దరే అధికారులు. భారత్ తరఫున హెచ్.ఎం. పటేల్, పాకిస్తాన్ తరఫున చౌధురీ మహమ్మద్ అలీ. వీళ్ళ కింద శాఖలవారీగా పది నిపుణుల కమిటీలు. మహమ్మద్ అలీ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చినవాడు, తరువాత 1955–56లో పాకిస్తాన్ ప్రధాని అయ్యాడు. పటేల్ మన రక్షణ శాఖ కార్యదర్శిగా పనిచేసి, 1977లో జనతా ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి అయ్యాడు. ఊళ్ళు తగలబడుతున్న రోజుల్లో ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని లెక్కలు తేల్చారు. ఆ పని తక్కువదని నేను అనను. లెక్క తేలకపోతే గొడవ ఇంకా పెరిగేది.

రిజర్వు బ్యాంకులోని నగదు నిల్వలో పాకిస్తాన్ వాటా 75 కోట్ల రూపాయలని తేలింది. 20 కోట్లు మొదటే ఇచ్చారు. మిగిలిన 55 కోట్లు కాశ్మీరు యుద్ధం కారణంగా ఆగిపోయాయి. 1948 జనవరి 13న గాంధీ నిరాహార దీక్ష మొదలుపెట్టాక, 15న ఆ డబ్బు విడుదల చేయడానికి మన ప్రభుత్వం నిర్ణయించింది. ఆయుధ కర్మాగారాలు 16 ఉంటే పదహారూ భారత్ వైపే ఉన్నాయి. వాటిని కోసి పంచలేరు కాబట్టి పాకిస్తాన్‌కు 6 కోట్లు కట్టిచ్చే ఒప్పందం జరిగింది. నోట్లు అచ్చేసే ముద్రణాలయం నాసిక్‌లో ఉండిపోయింది. అందుకని 1948లో కొన్ని నెలలపాటు పాకిస్తాన్‌లో మన నోట్లే, వాటి మీద ‘గవర్నమెంట్ ఆఫ్ పాకిస్తాన్’ అని అదనపు ముద్రతో చెలామణీ అయ్యాయి.

పంచడానికి వీల్లేనివి కూడా పంచారు. మొహెంజొదారోలో దొరికిన నాలుగు వేల ఏళ్ళ నాటి పూసల హారాన్ని రెండు ముక్కలు చేసి చెరొకటి తీసుకున్నారు. ఒక ముక్క ఢిల్లీలో నేషనల్ మ్యూజియంలో ఉంది. బెంగాల్ అటవీ శాఖలో జయమణి అనే ఏనుగు ఉండేది. దాన్ని తూర్పు బెంగాల్ వాటాలో వేసి, దానికి బదులుగా పశ్చిమ బెంగాల్‌కు ఒక స్టేషన్ వ్యాగన్ ఇచ్చారు. తీరా విభజన జరిగే నాటికి ఏనుగు మాల్దాలో ఉంది. ఆ జిల్లా భారత్‌కు వచ్చింది. అప్పుడు దాని మేత ఖర్చు ఎవరు భరించాలని ఉత్తరాలు నడిచాయి.

నా ఉద్యోగ జీవితమంతా రక్షణ శాఖ లెక్కల్లోనే గడిచింది. కనుక ఈ పద్ధతి నాకు కొత్త కాదు. స్టోర్స్ లెడ్జరులో ఒక కుర్చీకి పేరు, సంఖ్య, వోచరు నంబరు ఉంటాయి. విరిగితే బోర్డు కూర్చుని కండెమ్ చేస్తుంది, లెడ్జరులోంచి కొట్టేస్తారు. అందులో ఎవరు కూర్చునేవారో రాసే కాలమ్ ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. సర్కారుకు ఒక కుర్చీ పోతే అలాంటిదే ఇంకో కుర్చీ సరిపోతుంది. ఇంట్లో వస్తువుకు ఈ లెక్క నప్పదు. అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

జనం పట్టుకెళ్ళినవి

అమృత్‌సర్ టౌన్ హాలులో 2017లో విభజన మ్యూజియం ప్రారంభమైంది. అక్కడ ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు ఉన్నాయి. ఫుల్కారీ అంటే పంజాబులో ముతక నూలు బట్ట మీద పట్టుదారంతో ఆడవాళ్ళు కుట్టే పువ్వుల పని. ఆ కోటు గుజ్రాన్‌వాలా నుంచి వచ్చిన ఒక యువతిది. బ్రీఫ్‌కేసు మియాన్‌వాలీ నుంచి వచ్చిన ఒక యువకుడిది. అతని అన్నదమ్ములు ముగ్గురు హత్యాకాండలో పోయారు. పెట్టెలో అతని చదువు సర్టిఫికెట్లు, ఆస్తి కాగితాలు ఉన్నాయి. ఈ ఇద్దరికీ విభజనకు ముందే పెళ్ళి మాటలు జరిగాయి. అల్లర్లలో ఎవరి దారి వారిదైంది. అమృత్‌సర్ శరణార్థి శిబిరంలో అన్నం కోసం నిలబడ్డ వరసలో మళ్ళీ ఒకరికొకరు కనబడ్డారు. 1948లో పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళు పోయాక కుటుంబం ఆ రెండు వస్తువులనూ మ్యూజియానికి ఇచ్చింది.

దీన్ని విధి లీల అనేవాళ్ళు తప్పక ఉంటారు. కాస్త ఆగి లెక్క చూడాలి. ఆ నెలల్లో విడిపోయినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అమృత్‌సర్ లాంటి శిబిరాలు కొన్నే. లక్షల మంది కొన్ని శిబిరాల గుండా నడిచినప్పుడు కొందరు కలవడం వింతేమీ కాదు. కలిసినవాళ్ళ కోటు మ్యూజియంలోకి వచ్చింది. కలవనివాళ్ళ కోటు ఏ కాలవ గట్టునో కుళ్ళిపోయింది. దాని కథ చెప్పేవాళ్ళు మిగల్లేదు. మిగిలిన వస్తువులను మాత్రమే చూసి చరిత్ర ఇదేననుకుంటే, అందరూ చివరికి కలిశారన్న భ్రమ కలుగుతుంది. ఈ జాగ్రత్త పెట్టుకుని చూసినా ఆ కోటు విలువ తగ్గదు. పైగా పెరుగుతుంది. అది లేనివాళ్ళను కూడా గుర్తుచేస్తుంది.

ఆంచల్ మల్హోత్రా అనే ఢిల్లీ రచయిత్రి ఇలాంటి వస్తువుల మీదే 2017లో ‘రెమ్నెంట్స్ ఆఫ్ ఎ సెపరేషన్’ అనే పుస్తకం రాసింది. ఆమె పరిశోధనకు మొదలు వాళ్ళ బంధువుల ఇంట్లోనే దొరికింది. బట్ట కొలిచే గజం, లస్సీ చిలికే లోహపు పాత్ర. రెండూ లాహోర్ నుంచి వచ్చినవి. విభజన గురించి ఎన్నడూ నోరు విప్పని పెద్దవాళ్ళు, ఆ వస్తువు చేతిలోకి తీసుకోగానే మాట్లాడటం మొదలుపెట్టారని ఆమె గమనించింది. “విభజన గురించి చెప్పండి” అంటే ముసలాయనకు ఏం చెప్పాలో తెలియదు. “ఈ గజంతో ఎవరు కొలిచేవారు?” అంటే తెలుసు. పేరు చెప్తాడు, వీధి చెప్తాడు, ఎదురింటి ముస్లిం మిత్రుడి సంగతీ చెప్తాడు.

వస్తువు తనంతట తాను చెబుతుందా?

వస్తువు కథ మోస్తుంది అని మనం అలవాటుగా అంటాం. దీన్ని అక్షరాలా నిజం అనుకున్నవాళ్ళూ ఉన్నారు. వస్తువును ముట్టుకుని దాని యజమాని చరిత్ర చెప్పేస్తామనే విద్యకు బుకానన్ అనే అమెరికన్ 1842లో సైకోమెట్రీ అని పేరు పెట్టాడు. డాక్టర్ ఏ.టి. కోవూర్ 1963లో శ్రీలంకలో లక్ష రూపాయల సవాలు ప్రకటించినప్పుడు పెట్టిన పరీక్షల్లో ఒకటి, సీలు వేసిన కవరులోని కరెన్సీ నోటు నంబరు చెప్పడం. 1978లో ఆయన చనిపోయే దాకా ఆ లక్షా గెలిచినవాడు లేడు. నోటు తన నంబరే చెప్పలేకపోతే, తనను ఖర్చుపెట్టినవాడి బాధ ఏం చెబుతుంది?

మరి మనకెందుకీ మమకారం? బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో పసిపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ప్రచురించారు. ఏ వస్తువు పెట్టినా అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసే యంత్రమని చెప్పి పిల్లలకు ఒక పెట్టె చూపించారు. మామూలు బొమ్మ పెట్టినప్పుడు పిల్లలు నకలు తీసుకోవడానికి ఇబ్బంది పడలేదు. రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ విషయం వచ్చేసరికి చాలామంది అసలుదే కావాలన్నారు. కొందరు దాన్ని పెట్టెలో పెట్టడానికే ఒప్పుకోలేదు. అంటే ఈ మమకారం మతం నేర్పింది కాదు. మనసు పనిచేసే తీరులోనే ఉంది. ఒక వస్తువుకు గడిచిన చరిత్రను మనసు ఆ వస్తువులో భాగంగా లెక్కిస్తుంది. ఆ చరిత్ర ఉన్నది మనిషి జ్ఞాపకంలో. వస్తువు ఆ జ్ఞాపకాన్ని పైకి లాగే తాడు.

దీనివల్ల లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. రెండు ఉదాహరణలు చెబుతాను.

1963 డిసెంబరు చివరి వారంలో శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గాలో ప్రవక్తదిగా భక్తులు నమ్మే వెంట్రుక కనిపించకుండా పోయింది. 1964 జనవరి 4న తిరిగి దొరికింది. ఈలోగా దానితో ఏ సంబంధమూ లేని తూర్పు పాకిస్తాన్‌లోని ఖుల్నాలో హిందువుల మీద దాడులు మొదలయ్యాయి. దానికి బదులుగా కలకత్తాలో ముస్లిముల మీద దాడులు జరిగాయి. మళ్ళీ ఢాకా, నారాయణ్‌గంజ్. మళ్ళీ శరణార్థుల వరసలు. అంతకుముందు 1949 డిసెంబరు 22 రాత్రి అయోధ్యలో బాబ్రీ మసీదు లోపల విగ్రహాలు కనిపించాయి. వాటంతటవే వెలిశాయని ప్రచారం చేశారు. ఎవరో లోపలికి చొరబడి పెట్టారని పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. చెప్పింది. తరువాత నాలుగు దశాబ్దాలకు దేశం ఎంత మూల్యం చెల్లించిందో మనకు తెలుసు.

ఈ వస్తువులకూ ఆ ఫుల్కారీ కోటుకూ తేడా ఎక్కడుంది? అవశేషం, స్వయంభూ విగ్రహం అన్నప్పుడు “ఇది ఎవరిది, ఎలా వచ్చింది, ఎవరు చూశారు?” అని అడగడమే నేరమవుతుంది. అమ్మమ్మ కోటు విషయంలో అడగడమే దాని ప్రయోజనం. అడిగినకొద్దీ దాని విలువ పెరుగుతుంది. ప్రశ్నను మూసేసే వస్తువు జనాన్ని రెండు గుంపులు చేసింది. ప్రశ్నకు దారిచ్చే వస్తువు అపరిచితులను దగ్గర చేసింది. హేతువాది అభ్యంతరం ప్రశ్నను మూసేయడం మీదే. మమకారం మీద కాదు.

జ్ఞాపకానికి పరీక్ష

జ్ఞాపకం తప్పు చెప్పవచ్చు గదా అనే ప్రశ్న న్యాయమైనదే. చెబుతుంది. చిన్న కొట్టు యాభై ఏళ్ళలో మేడ అవుతుంది. దీనికి మందు కూడా విభజన కాలంలోనే ఉంది.

పశ్చిమ పంజాబులో హిందువులు, సిక్కులు వదిలి వచ్చిన భూమి సుమారు 27 లక్షల హెక్టార్లు. ఇటు తూర్పు పంజాబులో ముస్లిములు వదిలి వెళ్ళింది 19 లక్షల హెక్టార్లు. ఉన్నదాన్ని పంచాలంటే ఎవరికి ఎంత ఉండేదో తేలాలి. 1948 మార్చి 10 నుంచి ఒక్క నెలలో ఐదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తర్లోక్ సింగ్ నాయకత్వంలో అధికారులు జలంధర్‌లో కూర్చుని చేసిన పని చూడండి. ప్రతి దరఖాస్తునూ, అదే ఊరినుంచి వచ్చిన తక్కిన శరణార్థుల బహిరంగ సభలో పైకి చదివించారు. ఫలానా ఆయన తనకు ఇంత భూమి ఉండేదంటున్నాడు, నిజమేనా? సభ ఒప్పుకుంటే ఒప్పుకుంది, సరిదిద్దితే సరిదిద్దింది, కాదంటే కాదంది. మరీ ఎక్కువ అబద్ధం చెప్పినవాళ్ళకు భూమిలో కోత పడింది, కొందరు జైలుకూ వెళ్ళారు. ఊరు ఊరంతా కూలిపోయినా, ఆ ఊరి మనుషులు ఒకచోట చేరితే సాక్ష్యం మళ్ళీ నిలబడింది. ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరి జ్ఞాపకంతో తనిఖీ చేయడం అంటే ఇదే. నా వృత్తి భాషలో చెప్పాలంటే రెండు పుస్తకాలు టాలీ చేయడం.

అయితే లెక్క రాసే పద్ధతిని మనుషులకు వర్తింపజేస్తే ఏమవుతుందో కూడా ఆ కాలమే చూపించింది. రెండు వైపులా అపహరణకు గురైన స్త్రీలు సుమారు 75 వేల మంది అని పరిశోధకుల అంచనా. వాళ్ళను వెతికి వెనక్కి పంపడానికి 1947 డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. 1949లో మన పార్లమెంటు చట్టం చేసింది. ఎవరు ఏ దేశానికి చెందుతారో నిర్ణయించడానికి మతమే కొలబద్ద అయింది. ఆ స్త్రీ ఇష్టానికి ఆ చట్టంలో చోటు లేదు. కుర్చీకి లేని కాలమ్ మనిషికి కూడా లేకుండా పోయింది. వాళ్ళ మాట వినడానికి దేశానికి యాభై ఏళ్ళు పట్టింది. ఊర్వశీ బుటాలియా ఒక పుస్తకం, రీతూ మీనన్, కమలా భసీన్ కలిసి ఇంకొక పుస్తకం 1998లో తెచ్చారు.

ఇంకొక మాట కూడా అనుకోవాలి. ఆ రోజుల్లో దోపిడీ విపరీతంగా జరిగింది. దోచుకున్నవి కూడా ఎక్కడో కొన్ని ఇళ్ళలో ఉండే ఉంటాయి. వాటి కథ ఎవరూ పిల్లలకు చెప్పరు. తాతగారి వస్తువు అనగానే మురిసిపోవడం కాదు, అది తాతగారిదేనా అని కూడా అడగగలగాలి. అడగలేకపోతే మన ఇంటి గూట్లో ఉన్నదీ ఒక పవిత్ర అవశేషమే.

మన వైపు సంగతి

విభజన ఎక్కడో పంజాబు, బెంగాల్ గొడవ అనుకోవడం మన తెలుగువాళ్ళకు అలవాటు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద సైనిక చర్య జరిగిన తరువాత ఎన్నో కుటుంబాలు కరాచీ చేరాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేటే ఉంది. దక్కనీ వంటలకు, పచ్చళ్ళకు అది కరాచీలో పేరున్న చోటు. ఊరు పోయినా పచ్చడి జాడీ పోలేదు. అదే సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం డబ్బు పది లక్షల పౌండ్ల పైచిలుకు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలో పడింది. ఆ ఖాతా తగాదా 2019 అక్టోబరులో తేలింది. నిజాం వారసులకు, భారత్‌కు అనుకూలంగా తీర్పు వచ్చేటప్పటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. 71 ఏళ్ళపాటు ఒక బ్యాంకు ఖాతాను ఇంత శ్రద్ధగా కాపాడారు. అదే ఏడాది ఊరు వదిలినవాళ్ళ ఇళ్ళ తాళంచెవులను ఎవరు కాపాడారు?

బర్మా తెలుగువాళ్ళ కథ ఇంకా దగ్గరిది. 1942లో జపాను దాడికి భయపడి లక్షలాది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి, 1964 మేలో 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేసినప్పుడు రెండో విడత వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. ఆ ఓడల్లో వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు మిగల్లేదు, చేతి సంచులు మిగిలాయి. పంజాబు కోటుకు మ్యూజియం ఉంది. బర్మా పెట్టెకు ఇంకా లేదు.

1964లో పదిహేనేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్భై అయిదు దాటింది. మనిషి పోయాక పెట్టె మిగులుతుంది, కానీ మాట్లాడదు. ముందే చెప్పాను, వస్తువుకు మహిమ లేదు. దాన్ని చూసి చెప్పగలిగిన మనిషి ఉన్నంతకాలమే అది సాక్ష్యం. తరువాత పాత ఇనుము.

కాబట్టి మిత్రులకు ఒక సూచన. ఇంట్లో ఉన్న రూళ్ళ పుస్తకం ఒకటి తీసి కాలమ్‌లు గీయండి. మొదటిది వస్తువు పేరు. రెండవది ఎవరి నుంచి, ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరం వచ్చింది. మూడవది ఈ సంగతి ఎవరు చెప్పారు. నాలుగవది దాన్ని బలపరిచే కాగితమో ఇంకో మనిషో ఉన్నారా. తెలియనిచోట తెలియదు అని రాయండి, కల్పించవద్దు. ఎన్నో తరాల లెడ్జర్లలో లేని ఒక కాలమ్ చివరన పెట్టండి. దీన్ని వాడినవాళ్ళు ఎవరు? సమాధానం చెప్పగలిగినవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఈ ఆదివారమే వెళ్ళి అడగండి.